మునస్వామికి నేను చెప్పిన జవాబు

తిరుపతి,
జూన్ నెల, ఆదివారం మధ్యాహ్నం.

శ్రీవారికి నమస్కరించి ప్రసన్న రాస్తున్న సంగతులు.

ఇక్కడ ముగ్గురమూ బాగున్నాం. అలవాటుకొద్దీ రాసే మాట కాదు, ఒక్కొక్కరినీ చూసుకొనే రాస్తున్నాను. అత్తమ్మకు కంటి ఆపరేషన్ అయ్యాక చూపు బాగా వచ్చింది. ఎంత బాగా వచ్చిందంటే పప్పులో రాయి, నా జడలో తెల్లవెంట్రుక, ఎదురింటివాళ్ళ గోడ మీద పగులు అన్నీ ఆమెకే ముందు కనిపిస్తున్నాయి. చెవి మాత్రం ఇంకా మందగించింది. మన అమ్మాయి కోమలికి సత్యవేడు దగ్గర కంపెనీలో రాత్రి షిఫ్టులు పోయి పగటి షిఫ్టు ఇచ్చారు. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లవారుజామున పోతుంది. ఇప్పుడు పక్కగదిలో నిద్రపోతోంది. నాకు మోకాలు నొప్పి తగ్గింది. మీరు అక్కడ క్షేమంగా ఉన్నారని, మగ్గం పని చేతికి అలవాటయిందని చదివి మనసు కుదుటపడింది.

ఈ ఉత్తరం మీకంటే ముందు చదివే జైలు సారుకు కూడా నమస్కారం. అయ్యా, ఈసారి కొంచెం పొడవుంటుంది. ఓపిక పట్టండి.

మీరు అడిగినవాటికి జవాబులు. నీళ్ళ మోటారు బాగు చేయించాను. మీ నాన్నగారి తద్దినం ఇంట్లోనే సింపుల్‌గా చేశాం, పురోహితుడు ఏమీ అనలేదు. మీ స్కూటరు అమ్మలేదు, గోతం కప్పి ఉంచాను. చెన్నైలో గంగాధరం అన్న బియ్యం మండీలో లెక్కలు రాసే పని చూసిపెట్టాడని రాశారు. విడుదలైన రోజే కాణిపాకం పోయి, డిపాజిట్లు పోగొట్టుకున్నవాళ్ళందరినీ అక్కడికే పిలిపించి, తలారా స్నానం చేసి, ‘కంపెనీ మునిగిపోతోందని నాకు ముందు తెలియదు’ అని వినాయకుడి ముందు ప్రమాణం చేస్తానని, ఆ రాత్రికే ఇంటికొచ్చి సామాను సర్దుకొని చెన్నైకి పోదామని రాశారు. ఆ రెండింటికీ జవాబు చివర రాస్తాను. ముందు మన కంపెనీ మీద తీసిన వెబ్ సిరీస్ సంగతి. ‘నన్ను చూపించారంట కదా, ఎట్లా చూపించారో చూసి, దాచకుండా రాయి’ అని అడిగారు. దాచకుండానే రాస్తాను.

అది ఏప్రిల్‌లోనే వచ్చింది. పేరు ‘పచ్చకాగితం’. మన కంపెనీ బాండ్లు ఆకుపచ్చ కాగితం మీద ఉండేవి కదా, అందుకని. కంపెనీ పేరు మార్చారు, ఊరి పేరు మార్చలేదు. మొత్తం ఎనిమిది భాగాలు. మన టీవీ పాతది కాబట్టి కోమలి తన ఫోన్ తీసుకుపోయి పక్కింటి స్టెల్లా టీవీకి కలిపింది. స్టెల్లా కుట్టుమిషన్ ఒక మూలకు నెట్టి చాప పరిచింది. నేను రానన్నాను. “అక్కా, నువ్వు రాకుంటే వీధిలో అందరూ సూసి మాట్లాడుకుంటారు. నువ్వు వస్తే సూసి నోరు మూసుకుంటారు. ఏది మంచిది?” అంది. ఆ లెక్క సరిగ్గానే ఉందనిపించి వెళ్ళాను. వీధిలో ఏడెనిమిదిమంది వచ్చారు. వీధి చివర ఇస్త్రీ బండి మునస్వామి కూడా వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు, లోపలికి రమ్మన్నా రాలేదు.

మీ వేషం వేసినతను బాగా లావుపాటి మనిషి. పెద్ద మీసం. వేళ్ళకు ఉంగరాలు. మొదటిసారి తెర మీద కనిపించగానే అత్తమ్మ అడిగింది.

“ఎవురమ్మే వీడు?”

“బ్రాంచి మేనేజరు అత్తమ్మా.”

“అంటే?”

“మీ కొడుకు అనుకోండి.”

“థూ! నా కొడుక్కు ఇంత మీసం యాడుండాది? వీడు కోడిపందేలోడి మాదిరి ఉండాడు. తీసెయ్ వీణ్ణి.”

“అవ్వా, సినిమావాళ్ళకు మన పక్క మొగోడంటే మీసమే గదవ్వా,” అంది స్టెల్లా. “మీసం ల్యాకుంటే మనోడని తెలీదు వాళ్ళకు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుతో గదిలో బిగుసుకున్నదేదో కొంచెం వదులయింది.

ముందు బాగున్నవి చెబుతాను. మొదటి భాగంలో ఆఫీసు ప్రారంభోత్సవం ఉంది. ప్లాస్టిక్ కుర్చీలు, కొబ్బరికాయ, గోడకు టేకు చెట్ల బొమ్మ, ఆ బొమ్మ ముందు నిలబడి ఫోటోలు. అచ్చం మనదే. ఊరూరా తిరిగి డబ్బు వసూలు చేసే ఏజెంటు పాత్రలో ఒకామె నటించింది, ఆమె చాలా బాగుంది. ఎవరింటికి పోయినా ముందు డబ్బు మాట ఎత్తదు, పిల్లల చదువు అడుగుతుంది, కాఫీ తాగుతుంది, చెప్పులు వేసుకునేటప్పుడు అడుగుతుంది. అది రాసినవాళ్ళెవరో ఇట్లాంటి ఇళ్ళల్లో కూర్చున్న మనిషే. మూడో భాగంలో ఒక ముసలామె తన బాండును దేవుడి పటం వెనక పెట్టుకుంటుంది. అది చూసి మునస్వామి గుమ్మం దగ్గర నుంచే, “మేము బీరువా కొనుక్కునేంతవరకు అట్నే పెట్టుకున్నాం,” అన్నాడు. ఎవరితోనూ కాదు, తెరతో అన్నాడు.

ఇక బాగాలేనివి. డబ్బును మూటలు మూటలుగా చూపించారు. టేబుల్ మీద గుట్టలు, లెక్కపెట్టే మిషన్లు, తాగుడు. మన ఆఫీసుకు డబ్బు మూటల్లో వచ్చిందా? రుమాళ్ళ మూలల్లో, చీర కొంగుల్లో ముడులై వచ్చింది, పోపుల డబ్బాలో నుంచి ఆవాల వాసనతో వచ్చింది. ఆ వాసన తెర మీద చూపించలేరనుకోండి, కానీ ఎవరో ఒకరు ముడి విప్పుకుంటూ కనిపించి ఉండాలి. ఎనిమిది భాగాల్లో ఎవరూ ముడి విప్పలేదు.

ఇంకొకటి. జనాన్ని అత్యాశపరులుగా చూపించారు. ఎక్కువ వడ్డీ అనగానే కళ్ళు మెరిసిపోయి ఎగబడతారు. నేను ఇల్లు నడిపే మనిషిని, నాకు తెలిసినంతలో ఆశ అట్లా ఉండదు. మన వీధిలో బ్యాంకుకూ కంపెనీకీ వడ్డీ తేడా లెక్కగట్టి చూసినవాళ్ళు ఇద్దరు ముగ్గురుంటారేమో. మిగతావాళ్ళు కంపెనీ మొహం చూడలేదు, ఛైర్మన్ పేరు కూడా పలకలేరు. వాళ్ళు చూసింది మిమ్మల్ని. ఫలానా రెడ్డిగారి కొడుకు, మన వీధిలో పుట్టినవాడు, పెళ్ళికి పిలిస్తే వస్తాడు, చావుకు పిలవకపోయినా వస్తాడు. ఆ నమ్మకం ఎట్లా పుట్టిందో చూపించి ఉంటే అది ఎట్లా పోయిందో చూసేవాళ్ళకు ఇంకా బాగా తెలిసేది. అది చూపించకుండా మీసం చూపించారు.

ఆరో భాగంలో గంగజాతర పెట్టారు. ఎంత సంబరపడి చూశామో అంత కోపమొచ్చింది. ఒంటికి కుంకుమ పూసుకొని బండ వేషం కట్టిన ఒకడు మేనేజరు ఇంటి ముందు నిలబడి తిడతాడు. అంతవరకూ సరే. మర్నాడు మేనేజరు పోలీసులను పంపించి, ‘జాతరలో నన్ను తిట్టావు’ అని వాణ్ణి పట్టించి కొట్టిస్తాడు.

అత్తమ్మ లేచి నిలబడింది. “జాతర మాటకు కేసా? ఎవుడు రాసినాడమ్మే ఈ కథ? యా ఊరోడు వాడు?”

“హైదరాబాదు అంట అవ్వా,” అంది కోమలి.

“అద్దో, అందుకే. ఒళ్ళు కడుక్కుంటే మాట పోతాదని తెలీదు ఆ అబ్బికి.”

మీకు చెప్పాల్సిన పని లేదు. ఆ వారం రోజులు వేషం కట్టినవాడు నోటికొచ్చింది అంటాడు, అనిపించుకున్నవాడు పసుపునీళ్ళు ఇచ్చి దండం పెడతాడు. తిట్టేది మనిషి కాదు, తిట్టించేది గంగమ్మ. రంగు కడుక్కున్నాక ఆ మాట ఎత్తేవాడూ ఉండడు, మనసులో పెట్టుకునేవాడూ ఉండడు. ఎంత తిట్టుకున్నా జాతర అయిపోయాక ఒకే కొట్లో కలిసి బోండా తింటారు. అంత పెద్ద సిరీస్ తీసినవాళ్ళు ఈ వీధిలో ఒక్క ముసలామెను అడిగి ఉంటే చెప్పేది.

ఇంతవరకు చదివి మీరు గమనించే ఉంటారు, అయిదో భాగం దాటేసి ఆరు రాశాను. లెక్కలో ఒక వరుస వదిలేస్తే కూడిక సరిపోదని నాకూ తెలుసు. రాస్తున్నాను.

అయిదో భాగంలో మేనేజరుకు హెడ్డాఫీసు నుంచి ఫోన్ వస్తుంది. ‘వచ్చే నెల నుంచి చెల్లింపులు ఆపేస్తున్నాం, వసూళ్ళు మాత్రం ఆపొద్దు, ఎవరికీ చెప్పొద్దు’ అని. అతను ఫోన్ పెట్టేస్తాడు. అప్పుడే ఒక ముసలామె సంచీతో లోపలికి వస్తుంది. అతను కుర్చీ లాగి కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, డబ్బు తీసుకొని, బాండు రాసిస్తాడు. తర్వాత రాత్రి తాగి నవ్వుతాడు.

ఆ నవ్వు అబద్ధం. అది నేను ఎవరి ముందైనా చెబుతాను. మిగతాది అబద్ధమని మాత్రం ఎవరి ముందూ చెప్పలేను.

అత్తమ్మ ఆ రోజు నిద్రపోయింది, అంతవరకు దేవుడు మేలు చేశాడు. నేను గుమ్మం వైపు చూడలేదు. కానీ మునస్వామి ఆ భాగం పూర్తికాకుండానే లేచిపోయాడని చప్పుడును బట్టి తెలిసింది.

మునస్వామి దగ్గర మీరు డబ్బు తీసుకున్న రోజు మీకు గుర్తుండే ఉంటుంది. ఆఫీసులో కాదు, మన హాల్లో. అతను ఆ రోజు బండి పెట్టలేదు. తన చొక్కా తానే ఇస్త్రీ చేసుకొని వేసుకున్నాడు. రేకుల ఇంటికి మిద్దె వేసుకుందామని దాచుకున్నది. “బ్యాంకులో వేస్తే పిల్లోళ్ళు అడిగి పీక్కుంటారు సార్, మీ తావ ఉంటే భద్రం,” అన్నాడు. మీరు ఒకసారి కిటికీలో నుంచి బయటకు చూశారు, తర్వాత బాండు రాసిచ్చారు. నేను కాఫీ ఇచ్చాను. అతను పోయాక మీరు పెరట్లోకి వెళ్ళి చాలాసేపు మొహం కడుక్కున్నారు. సబ్బు కళ్ళల్లో పడిందని అన్నారు.

ఆ వారంలోనే మా అమ్మ ఇచ్చిన పొలం డబ్బు కంపెనీలో గడువు తీరింది. ప్రతిసారీ తిరిగి అక్కడే వేసే మీరు, ‘ఈసారి పోస్టాఫీసులో వేద్దాం ప్రసన్నా, అంతా ఒకచోట ఎందుకు’ అన్నారు. నాతో పాటు వచ్చి వరుసలో నిలబడ్డారు. నేను సంతోషించాను, మీకు పొదుపు తెలివి వచ్చిందనుకున్నాను. రెండు నెలలకు ఆఫీసుకు తాళం పడింది. అప్పుడు ఆ రెండు సంగతులూ నా తలలో పక్కపక్కన వచ్చి కూర్చున్నాయి. కోర్టులో మీరు తెలియదన్నారు. ఇంట్లో తెలియదన్నారు. శిక్ష పడ్డ రోజు అత్తమ్మ చేతులు పట్టుకొని తెలియదన్నారు. నేను ఒక్కసారీ అడగలేదు. అడిగితే మీరు చెప్పాలి, చెబితే నేను వినాలి. రెండూ మనిద్దరికీ భారమనుకున్నాను.

ఇప్పుడు నేను ములాఖత్‌లో చెప్పలేకపోయిన మాట. మే నెలలో వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను. మధ్యలో అద్దం, ఇటుపక్క ఒకామె కొడుకు కోసం ఏడుస్తోంది, అటుపక్క ఒకతను పొలం పంచాయితీ అరిచి చెబుతున్నాడు. మీరు ‘ఏమన్నా ఉందా?’ అని అడిగారు. ‘ఏమీ లేదు’ అన్నాను. ఉంది.

ఈ ఏడు జాతరలో బండ వేషం రోజున మునస్వామి మన ఇంటి ముందుకు వచ్చాడు. అతనికి చిన్నప్పటి నుంచీ మొక్కు ఉంది, ఏటా కడతాడు. ఒళ్ళంతా కుంకుమ, మెడలో పూలదండ, చేతిలో వేపమండ. మామూలుగా మన గేటు ముందు రెండు మాటలని, పసుపునీళ్ళు పోయించుకొని పోతాడు. ఈసారి కదల్లేదు. కంపెనీతో మొదలుపెట్టాడు. తర్వాత ఛైర్మన్, అతని కార్లు, అతని కార్ల టైర్లు. తర్వాత మీరు. తర్వాత మీ నాన్నగారు. మాటలు రాయను. జైలు సారు చదువుతారు, అదీకాక సగం మాటలకు నాకు అర్థమే తెలియదు.

స్టెల్లా తన గుమ్మంలో నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “అక్కా, మా చర్చి ఫాదరు గంటసేపు ప్రసంగం చెప్తే కూడా ఇంత ఫోర్సు రాదక్కా,” అంది మెల్లగా. లోపల అత్తమ్మ, “బాగా అరస్తా ఉండాడే, ఎవుర్నమ్మే తిడతా ఉండేది?” అని అడుగుతోంది. ఎవరో బాకీదారును అన్నాను.

నాకు కోపం రాలేదు. ఇన్నేళ్ళూ ఆ మనిషి మన చీరలు, చొక్కాలు ఇస్త్రీ చేస్తూ, ‘బాగుండారా మా?’ అని తప్ప ఒక్క మాట అనలేదు. ఈ తిట్లన్నీ అతను ఎక్కడ దాచుకున్నాడా అని జాలి కలిగింది. తాంబాళంలో పసుపునీళ్ళు పట్టుకొని నిలబడ్డాను.

ఉన్నట్టుండి అతను గొంతు తగ్గించాడు. గేటు దగ్గరకు వచ్చాడు. కుంకుమలో కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

“ఒగ మాట సెప్పు,” అన్నాడు. “నా దుడ్డు తీసుకునేటప్పుడు వానికి తెలుసునా, తెలీదా?”

మామూలు రోజు మునస్వామి అడిగి ఉంటే, ‘నాకేం తెలుసు మునస్వామీ, ఆఫీసు సంగతులు నాతో చెప్పేవారా’ అని ఉండేదాన్ని. ఆ జవాబు ఎన్నేళ్ళ నుంచో నా నాలుక మీద సిద్ధంగానే ఉంది. కానీ అడిగింది మునస్వామి కాదు. కనీసం ఆ క్షణాన నాకు మునస్వామిగా కనిపించలేదు. వేషం కట్టి గుమ్మం ముందు నిలబడినవారికి అబద్ధం చెప్పి పసుపునీళ్ళు ఎట్లా పోస్తాను?

“తెలుసు,” అన్నాను.

అతను వేపమండతో నా తలను తాకాడు. నేను కాళ్ళ మీద నీళ్ళు పోశాను. పక్క వీధికి పోయి మళ్ళీ అరవడం మొదలుపెట్టాడు. అంతే జరిగింది.

మర్నాడు బట్టలు తీసుకుపోయాను. చెవుల వెనక ఇంకా కొంచెం ఎర్రగా ఉంది. “రెండు చీరలేనా మా? కోమలి పాపవి ల్యావా?” అన్నాడు. ఎప్పటిలాగే. నేను చూస్తూ ఉన్నాను, అతని మొహంలో ఏమైనా ఉందా అని. ఏమీ లేదు. అప్పటి నుంచి ఇప్పటివరకు వీధిలో ఎవరి నోటా ఆ మాట వినబడలేదు. అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పడు. వేషంలో విన్నది వేషంతో పాటే కడుక్కున్నాడు. లేదా కడుక్కున్నట్టు ఉన్నాడు. రెండూ ఒకటే అనుకోవడం మన ఊరి మర్యాద.

మిమ్మల్ని అడగకుండా మీ మాట నేను చెప్పాను. మీరు ఇన్నాళ్ళూ పట్టుకున్న గోడలో ఒక ఇటుక తీసేశాను. మీకు కోపం వస్తుంది. రావాలి కూడా. కోపం చల్లారాక ఈ కింది సంగతి చదవండి.

మీ ఉత్తరం రాగానే కోమలి దాన్ని అత్తమ్మకు చదివి వినిపించింది. కాణిపాకం మాట విని ఆమె ఆనందానికి పట్టపగ్గాలు లేవు. కర్ర తీసుకొని వీధిలోకి బయలుదేరి, “నా కొడుకు వరసిద్ధుడి ముందర ప్రమాణం చేస్తాడు, అందురూ రండి,” అని ఇల్లిల్లూ చెప్పింది. పట్టుకుందామని వెనకాలే పరుగెత్తాను. నేను అందుకునేసరికి మునస్వామి బండి దగ్గర ఉంది.

“విన్నావంట్రా మునస్వామీ? నా కొడుకు ప్రమాణం చేస్తాడు. నువ్వూ రావల్ల. నిన్ను నేనే బస్సు ఎక్కిస్తా.”

అతను ఇస్త్రీ పెట్టె ఎత్తి పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. “వస్తాలే అవ్వా, నువ్వు ఇంటికి పో, ఎండ,” అన్నాడు. ఆమె తర్వాతి ఇంటికి పోయింది. అతను నన్ను చూడకుండా చీర మడత సరిచేస్తూ మాట్లాడాడు.

“మా. సారుకు ఉత్తరం రాస్తావు గదా.”

“రాస్తాను.”

“ప్రమాణం వొద్దని రాయి.”

నేను బండి దగ్గరకు జరిగాను.

“నాకు పోయింది దుడ్డే,” అన్నాడు. “ఎండలో నిలబడితే ఇంగ కొంచెం వస్తాది. ఆయన ఆడికి పోయి ఆ మాట అనేస్తే మల్ల ఆయనకు ఏం మిగల్తాది మా? వొద్దని సెప్పు.” పెట్టెలో నిప్పులు కదిపాడు. “నన్ను బస్సెక్కిస్తే నేను రావల్ల. వస్తే వినల్ల. నా సేత వినిపించొద్దు మా.”

డబ్బు పోగొట్టుకున్న మనిషి, మీరు అబద్ధం ఆడితే వినలేనని నన్ను బతిమాలాడు. ఎనిమిది భాగాలు తీసినవాళ్ళు ఇంత చిన్న సంగతి పట్టుకోలేకపోయారు. పట్టుకున్నా ఎవరూ నమ్మరని వదిలేసి ఉంటారు.

సిరీస్‌లో మిమ్మల్ని చూపించారా అని కదా అడిగారు. లేదు. అందులో ఉన్నవాడు దొంగ. వాడు మొదటి నుంచీ నవ్వుతూనే ఉన్నాడు. మీరు దొంగ కాదు. మీరు భయపడిన మనిషి. మునస్వామిని వద్దని పంపేస్తే సాయంత్రానికి మాట వీధంతా పాకి, మర్నాడు జనం ఆఫీసు మీద పడతారని భయపడ్డారు. రెండు నెలలు గడిస్తే హెడ్డాఫీసు సర్దుకుంటుందని ఆశపడ్డారు. నాకు అర్థమవుతుంది. అర్థం కావడం వేరు, లేదనడం వేరు. ఇది మీకు చెప్పగలిగే మనిషి ఈ లోకంలో నేనొక్కదాన్నే కాబట్టి చెబుతున్నాను. మీ మీద నాకు ప్రేమ తగ్గి చెబుతున్నానని మాత్రం అనుకోవద్దు. తగ్గి ఉంటే, పోనీ, ప్రమాణం చేసుకోనీ అని ఊరుకునేదాన్ని.

మీ రెండు ప్రశ్నలకు జవాబులు.

చెన్నైకి నేను రాను. గంగాధరం అన్నకు మీ తరఫున కృతజ్ఞతలు చెప్పి, వద్దని కబురు పంపాను. మీకు చెప్పకుండా చేసిన రెండో పని ఇది, మూడోది ఉండదు. ఎవరికీ తెలియని ఊళ్ళో మంచివాడిగా ఉండటం ఎంతసేపు? తెలిసినవాళ్ళ మధ్య ఉండటమే కష్టం. ఆ కష్టంలో నేను పక్కన ఉంటాను.

విడుదల రోజు పొద్దున్నే నేను గేటు ముందు ఉంటాను. కోమలి సెలవు పెట్టి అత్తమ్మ దగ్గర ఉంటుంది. మనం కాణిపాకం పోవడం లేదు, నేరుగా తిరుపతి బస్సు ఎక్కుతాం. కోడూరు దగ్గర బస్సు ఆపుతారు, భోజనం నేను కట్టుకొస్తాను. దారిలో మీరు నాతో ఏమీ చెప్పాల్సిన అవసరం లేదు, నాకు తెలిసిందే కదా. అత్తమ్మతో ఏం చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో మీరూ నేనూ కలిసి ఆలోచిద్దాం. ఆమెకు కొడుకు ఎదురుగా ఉంటే చాలు, మిగతాది వినే శక్తి తర్వాత వస్తుంది.

రాత్రి చీకటి పడ్డాక వీధిలోకి వస్తానన్నారు. వద్దు. మూడు గంటలకు దిగుదాం. ఆ వేళకు ఎండ కొంచెం వాలుతుంది, వీధిలో అందరూ గుమ్మాల్లో ఉంటారు, చూడనివ్వండి. నేను సంచీ తీసుకొని ఇంట్లోకి పోతాను. మీరు నాతో లోపలికి రావొద్దు. వీధి చివరే ఆగండి. అక్కడ మునస్వామి ఉంటాడు, వేషం లేకుండా.

ఇట్లు,
మీ కోసం గేటు ముందు నిలబడబోయే
మీ ఇంటిది,
ప్రసన్న.